తొమ్మిదడుగుల కాన్వాస్ మీద కుదురుగా ఉండని బిడ్డ

బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ చిత్రాలు మనలో చాలామందికి ఫోన్ తెర మీదే పరిచయం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. 1992లో ఆమె వేసిన ‘ప్రాప్డ్’ ఎత్తు 213 సెంటీమీటర్లు, వెడల్పు 183. మన లెక్కలో ఏడడుగులు, ఆరడుగులు. ఫోన్‌లో అదే బొమ్మ ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. కళ్ళకు 30 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుని చూస్తే, అసలు చిత్రానికి 8 మీటర్ల అవతల నిలబడి చూసినంతే కనిపిస్తుంది. అయిదు సెంటీమీటర్ల కుంచెతో లాగిన చార రెండు మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. రంగు ఎక్కడ పేరుకుందో, ఎక్కడ పలచబడి కాన్వాస్ నేత బయటపడిందో, తడి మీద తడి పడి ఎక్కడ రెండు రంగులు ఒకదాన్నొకటి ఈడ్చుకెళ్ళాయో తెలియదు. చివరికి కంటికి మిగిలేది ఒక భారీకాయపు నగ్న స్త్రీ. ‘అందవికారాన్ని అమ్ముకుంటోంది’ అనే మాట ఈ చూపులోంచే పుట్టింది. ‘పిల్లలు పుట్టాక మెత్తబడింది’ అనే మాటా అంతే.

రెండో మాటతోనే నా అసలు పేచీ. సావిల్ వృత్తి జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని, నా లెక్కలో అన్నిటికన్నా గొప్ప పని, తల్లీబిడ్డల చిత్రాలే. అందుకు కారణాలు మాతృత్వం గురించిన భావుకతలో దొరకవు. బొగ్గులో, నూనెరంగులో, కాన్వాస్ కొలతల్లో వెతకాలి.

ముందు కొలతల సంగతి. సావిల్ 1970లో కేంబ్రిడ్జిలో పుట్టింది. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుంది. మధ్యలో స్కాలర్‌షిప్ మీద కొన్ని నెలలు అమెరికాలోని సిన్సినాటిలో ఉంది. ‘ప్రాప్డ్’ వేసేనాటికి ఆమెకు 22 ఏళ్ళు. అందులో ఉన్న మనిషి తానే. సన్నటి స్టూలు మీద కూర్చుని, కాళ్ళకు తెల్లటి చెప్పులు వేసుకుని, తొడల మాంసంలోకి వేళ్ళు దిగేలా పట్టుకుని ఉంటుంది. కింద నుంచి పైకి చూస్తున్న కోణం కాబట్టి మోకాళ్ళు, తొడలు మన మీదికి వస్తాయి, తల పైఅంచు దగ్గర చిన్నదై మన వైపు దించి చూస్తుంది. ఒంటి మీదుగా ఫ్రెంచి ఆలోచనాపరురాలు లూస్ ఇరిగరే వాక్యాలు తడి రంగులో గీకి రాసి ఉంటాయి, అద్దంలో చూస్తే తప్ప చదవడానికి వీల్లేకుండా కుడిఎడమలు తిరగేసిన అక్షరాల్లో. మొదట ప్రదర్శించినప్పుడు ఎదురుగా అద్దం కూడా పెట్టింది. అంటే చూసేవాడు ఎక్కడ నిలబడాలో చిత్రకారిణి ముందే నిర్ణయించేసింది: చిత్రానికీ అద్దానికీ మధ్యన.

మీటరున్నర దూరంలో నిలబడితే ఆ చిత్రం నిలువునా దాదాపు 70 డిగ్రీల మేర చూపును ఆక్రమిస్తుంది. తల ఎత్తితే గాని ముఖం కనబడదు, దించితే గాని పాదాలు కనబడవు. ఒకేసారి మొత్తం మనిషిని ‘చూసేయడం’ కుదరదు. నగ్న స్త్రీ చిత్రాన్ని ఓ చూపు చూసి సొంతం చేసుకునే వందల ఏళ్ళ అలవాటుకు ఆమె వేసిన అడ్డుకట్ట ఇదే. సిద్ధాంతం మాటల్లో ఉంది, దాన్ని అమలు చేసింది మాత్రం కొలత.

పెద్దగా వేయడంలో ఏముంది, మన సినిమా బ్యానర్ కళాకారులు నలభై అడుగుల ముఖాలు వేయలేదా అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్న. హైదరాబాద్, విజయవాడ బ్యానర్ కంపెనీల్లో పనిచేసినవాళ్ళు ఫొటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు బట్ట మీద పెద్దవి చేసి, ముఖాన్ని చెక్కుచెదరకుండా పెంచేవారు. ఆ నైపుణ్యం ముందు చేతులు జోడించాల్సిందే. అయితే బ్యానర్‌ను చూసేది రోడ్డు అవతల నుంచి. దగ్గరికెళ్తే గులాబీ, నీలం పట్టీలు ముక్కలు ముక్కలుగా కనిపించినా ఫరవాలేదు, అక్కడికి వచ్చి చూసేవాడు లేడు. గ్యాలరీలో బొమ్మ రెండు దూరాలకూ జవాబు చెప్పాలి. ఎనిమిది మీటర్ల దగ్గర అది మనిషి కావాలి. చేతికందే దూరంలో కూడా అది ఏదో ఒకటి కావాలి, ఖాళీ పూత అయితే పనికిరాదు.

ఈ చిక్కు బాగా కనిపించే చిత్రం ‘స్టేర్’ (2004-05). ఎత్తు మూడు మీటర్ల పైచిలుకు. కాన్వాస్ అంతా ఒక పిల్లవాడి ముఖమే. వైద్య పుస్తకంలోని ఫొటో ఆధారంగా వేసింది, ముఖం మీద పుట్టుమచ్చ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. పిల్లల ముఖం నిజంలో జానెడుకు అటూ ఇటూ. ఇక్కడ అది పది, పన్నెండింతలు పెరిగింది. మూడు సెంటీమీటర్ల కన్ను జానెడున్నర అయింది. ఇప్పుడు ఆ జానెడున్నరలో ఏం వేయాలి? ఫొటోను అంత పెద్దది చేస్తే అందులో సమాచారం ఉండదు, మసక మచ్చలుంటాయి. ఆ మచ్చల్నే నున్నగా పులిమితే రబ్బరు ముఖం వస్తుంది. వెంట్రుకా వెంట్రుకా గీస్తే మైనపు బొమ్మ వస్తుంది. పెద్ద పోర్ట్రెయిట్‌లు చెడిపోయేది ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే. సావిల్ పట్టుకున్నది మూడో దారి. కుంచె గుర్తులనే చర్మానికి సాక్ష్యంగా పెట్టింది. కింది పెదవి ఒకే వెడల్పాటి ఈడ్పు. ఆ ఈడ్పులో తడి ఎరుపులోకి తెలుపు కొంత కలిసి, కొంత కలవక ఉండిపోతుంది. దూరం నుంచి అది పెదవి మీద తడి. దగ్గర నుంచి అది రంగే, దాచుకున్నదేమీ లేదు.

2009లో మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ అనే రాక్ సంగీత బృందం ఈ చిత్రాన్ని ఆల్బమ్ అట్ట మీద వేసుకుంటే బ్రిటన్ సూపర్ మార్కెట్లు దాన్ని సాదా కవర్లో పెట్టి అమ్మాయి. ఎరుపును నెత్తురనుకున్నారు. చిన్న అట్ట మీద పుట్టుమచ్చ నెత్తురైంది. కొలత మారితే అర్థమే మారిపోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక రంగు లెక్క. ‘ప్రాప్డ్’ విస్తీర్ణం 3.9 చదరపు మీటర్లు. సగటున ఒక మిల్లీమీటరు మందాన రంగు వేస్తే 3.9 లీటర్లు కావాలి. మన దుకాణాల్లో దొరికే 40 మిల్లీలీటర్ల ట్యూబులైతే దాదాపు వంద. 1999 నాటి ‘ఫుల్‌క్రమ్’ 2.6 మీటర్ల ఎత్తు, 4.9 మీటర్ల వెడల్పు. ఒకరి మీద ఒకరు పడుకున్న ముగ్గురు ఆడవాళ్ళు. అదే మందానికి అక్కడ 320 ట్యూబుల దాకా అవుతాయి. పలచగా వేసిన చోట్లూ ఉంటాయి కాబట్టి నిజం లెక్క కొంత తగ్గవచ్చు. ఏదేమైనా ప్యాలెట్ మీద వేలెడంత కలుపుకుని వేసే పద్ధతి ఇక్కడ చెల్లదు. తొడ సగంలో ఉండగా కలిపిన రంగు అయిపోతే అదే ఛాయ మళ్ళీ రాదు. కారణం ఏమిటంటే మొదట వేసింది ఆరేకొద్దీ నూనె కిందికి ఇంకి రంగు మసకబారుతుంది, దాని పక్కన తాజాగా కలిపింది నిగనిగలాడుతుంది. రెండూ ఒకటేనని కన్ను ఒప్పుకోదు. అందుకే ఈ స్థాయిలో పనిచేసేవాళ్ళు వెలుగు నుంచి నీడ దాకా ఛాయలన్నీ ముందే మూత డబ్బాల్లో కలిపి, మూత మీద ఆ రంగే చుక్క పెట్టి, పైన తొక్క కట్టకుండా ప్లాస్టిక్ కాగితం రంగుకు ఆనించి మూస్తారు. ఇంకిపోయిన చోట మరుసటి పూతకు ముందు నూనెను బట్టతో అతి పలచగా అద్ది, మిగిలింది తుడిచేస్తారు. అప్పుడే పాత రంగు అసలు ఛాయ తెలుస్తుంది.

ఒంటిరంగు విషయంలో ఒక మాట. ‘ఫ్లెష్ టింట్’ అని ట్యూబు దొరుకుతుంది. దాన్ని నమ్ముకుని ఒళ్ళు వేసినవాళ్ళ బొమ్మలన్నీ ప్లాస్టర్ బొమ్మల్లా ఉంటాయి. మన ఒంటికి అది ఎలాగూ సరిపోదు, తెల్లవాళ్ళ ఒంటికీ సరిపోదు. చర్మం ఒక పూత లాంటిది కాదు. వెలుతురు కొంత లోపలికి దిగి, నెత్తురును తాకి తిరిగొస్తుంది. ఎముక దగ్గరగా ఉన్నచోట పసుపు, నరం ఉన్నచోట నీలి ఆకుపచ్చ, మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర, వేళ్ళ కొసల్లో ఎరుపు. వెచ్చని రంగు పక్కన చల్లని రంగు పడితేనే రెండూ బతుకుతాయి. ‘ప్లాన్’ (1993) దగ్గర నిలబడితే పొట్ట మీద ఆకుపచ్చ బూడిదరంగు ఎంత ఉందో చూసి ఆశ్చర్యపోతాం. అదే చిత్రంలో ఒంటి మీద పటంలో కొండల ఎత్తు చూపే గీతల్లాంటివి గీసి ఉంటాయి. కొవ్వు తీసే ఆపరేషన్‌కు ముందు సర్జన్లు పెట్టే గుర్తులవి. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఆపరేషన్లు చేస్తుంటే పక్కన నిలబడి చూసింది. చర్మం కింద ఏముందో ఊహించి వేసేవాళ్ళకూ చూసి వేసేవాళ్ళకూ తేడా అక్కడి నుంచి కనబడుతుంది.

పెద్ద కాన్వాస్ తెచ్చిపెట్టే తిప్పలు ఎవరూ రాయరు, నాకు మాత్రం అవి చిత్రంలో భాగమే. రెండున్నర మీటర్లు దాటిన చట్రానికి అడ్డకర్రలు లేకపోతే పొడుగు కర్రలు లోపలికి నడుం వంచుతాయి. అడ్డకర్రలు పెడితే, కుంచె గట్టిగా నొక్కినప్పుడు బట్ట వాటికి తగిలి పెయింటింగ్ మీద నిలువు గీత తేలుతుంది. అందుకే కర్ర లోపలి అంచు ఏటవాలుగా చెక్కాలి. జిగురు పూసిన నార బట్ట తేమకు వదులవుతుంది. మన కోస్తాలో వానాకాలం వస్తే ఇది ఏటా జరిగేదే. మూలల్లోని చెక్క చీలికల్ని కొట్టి బిగిస్తే ఎండాకాలంలో మళ్ళీ బిర్రబిగుస్తుంది. ఇలా సాగీ ముడుచుకునే బట్ట మీద నూనె తక్కువైన రంగును నూనె ఎక్కువైన పూత పైన వేస్తే పగుళ్ళు ఖాయం. నూనె మరీ ఎక్కువైతే పైన తొక్క కట్టి, లోపల పచ్చిగా ఉండి, నెలల తర్వాత ముడతలు పడుతుంది. 270 సెంటీమీటర్ల చిత్రం మామూలు తలుపులోంచి పట్టదు. చట్రం విప్పి చుట్టాలి. రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టానికి చుట్టాలి. మందంగా వేసిన చోటు అప్పటికీ పగలొచ్చు.

ఇవన్నీ దాటగలిగిన చేయి 2007 నాటికి ఆమెకు ఉంది. లండన్ కళా సేకరణకర్త చార్ల్స్ సాచీ ఆమె విద్యార్థి దశ చిత్రాలు కొని, పద్దెనిమిది నెలలు కొత్త పని చేయడానికి డబ్బిచ్చాడు. 1994లో సాచీ గ్యాలరీ, 1997లో రాయల్ అకాడమీలో ‘సెన్సేషన్’ ప్రదర్శన, 1999లో న్యూయార్క్ గగోసియన్ గ్యాలరీ, తర్వాత కొన్నేళ్ళు ఇటలీలోని పలెర్మోలో కాపురం. 2007లో మొదటి బిడ్డ, 2008లో రెండో బిడ్డ.

అప్పటిదాకా ఆమెకు ఆధారం ఫొటో. ఆగిన క్షణం. ఎంత పెద్ద ఒళ్ళయినా అది కదలదు కాబట్టి దాన్ని కొండలా కొలిచి కట్టొచ్చు. చంటిపిల్లల దగ్గర ఆ పద్ధతి చెల్లదు. ఫొటోలో బిడ్డ ఆగుతుంది, నిజమే. అలా ఆగిన బిడ్డ మాత్రం అబద్ధంగా ఉంటుంది. మనిళ్ళలో క్యాలెండర్ మీద యశోద ఒడిలో కృష్ణుణ్ణి చూడండి. నడుం నిటారుగా, కాళ్ళు పొందికగా, మనవైపే చూస్తూ ఉంటాడు. ఏడాది నిండని బిడ్డ ఏదీ అలా కూర్చోదు. వెన్ను వంపు తిరిగి, తల బరువుకు ఒక పక్కకు ఒరిగి, ఒక కాలు తల్లి పొట్టలోకి తన్నుతూ, జారిపోతూ, మళ్ళీ పైకి లాగబడుతూ ఉంటుంది. ఇటలీ చిత్రకారుల మడోనాల (మేరీ మాత చిత్రాల) ఒడిలోని శిశువులు కూడా ఎక్కువమంది క్యాలెండర్ కృష్ణులకు అన్నదమ్ములే.

సావిల్ వెళ్ళి పట్టుకున్నది ఆ కుటుంబంలోకి చేరని ఒక బొమ్మను. లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావిన్చి గీసిన కార్టూన్ (వ్యంగ్యచిత్రం కాదు, పెయింటింగ్‌కు ముందు పూర్తి కొలతలో గీసే నమూనా) ఉంది: మేరీ, ఆమె తల్లి ఆన్, బాల యేసు, బాల జాన్. ఎనిమిది కాగితాలు అతికించి, బొగ్గుతో, తెల్ల సుద్దతో వేసింది. ఎత్తు 141.5 సెంటీమీటర్లు. గోడ మీదికో పలక మీదికో ఎక్కించడానికి అంచుల వెంట గుచ్చే సూది రంధ్రాలు దానికి లేవు. అది బొమ్మగా మారకుండా గీతగానే ఉండిపోయింది. ఆన్ చేయి పైకి చూపుతున్న చోట కేవలం అంచు గీత, ముఖాల్లో పూర్తి నీడలు. ఇద్దరు ఆడవాళ్ళ ఒళ్ళు ఎక్కడ విడిపోతాయో చెప్పలేం. 2009-10లో సావిల్ దీని మీద ‘రీప్రొడక్షన్ డ్రాయింగ్’లు వేసింది, ఏడడుగుల పైచిలుకు ఎత్తున. లియొనార్డో దాచిన సందిగ్ధాన్ని ఆమె పైకి లాగింది. బిడ్డ చేయి ఇక్కడ ఉంది, క్షణం క్రితం అక్కడ ఉంది, ఇంకో క్షణానికి తల్లి మెడ దగ్గర. మూడూ గీసింది. దేన్నీ చెరిపేయలేదు.

‘ది మదర్స్’ (2011) అదే పద్ధతిని నూనెరంగులోకి తెచ్చిన చిత్రం. 270 సెంటీమీటర్ల ఎత్తు, 220 వెడల్పు. ఇద్దరు పిల్లల్ని పట్టుకున్న తల్లి, ఆమే. లెక్కపెడితే ఉండాల్సినవాటికన్నా ఎక్కువ కాళ్ళూ చేతులూ కనిపిస్తాయి.

చెప్పినంత తేలిక పని కాదిది. బొగ్గు మీద నూనెరంగు వేస్తే మొదట జరిగేది రంగు మురికి కావడం. బొగ్గుపొడి తెలుపులో కలిసి బూడిదరంగు తిరుగుతుంది. గుడ్డతో దులిపితే గీత సగం పోతుంది, ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ద్రవం) ఎక్కువగా కొడితే మీద రంగు పట్టదు. పలచగా రెండుసార్లు కొట్టి, ఆరాక పని మొదలుపెట్టడమే మార్గం. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. గీతలు పెరిగేకొద్దీ అన్నీ ఒకే బరువుతో ఉంటే తీగల చిక్కులా తయారవుతుంది. కదలిక కనబడదు, గందరగోళం కనబడుతుంది. ఈ పద్ధతిని అనుకరించే కుర్ర చిత్రకారుల పని చాలావరకు ఇక్కడే కూలిపోతుంది. వాళ్ళు అదనపు గీతల్ని అలంకారంగా గీస్తారు. సావిల్ గీతల్లో ఏ ఒక్కటి తీసుకున్నా దాని వెనక పూర్తి కాలు ఉంటుంది: తుంటి కీలు ఎక్కడ, మోకాలు ఎటు మడిచింది, మడమ బరువు ఎవరి మీద పడింది. విడిగా నిలబడగల మూడు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటిలో దేనికి రంగు ఒళ్ళు ఇవ్వాలో, దేన్ని గీతగా వదలాలో, దేన్ని రబ్బరుతో సగం చెరిపి నీడగా ఉంచాలో తేల్చడమే అసలు పని. తల్లి ముఖానికి, మోస్తున్న చేతులకు దట్టంగా రంగు. కదిలే కొసలకు గీత. మోసే చేయి స్థిరంగా ఉంటేనే మోయబడేది కదిలినట్టు అనిపిస్తుంది.

1992లో ఆమె ఒంటిని రంగుతో నింపి నింపి బరువు చూపించింది. 2011లో సగం కాన్వాస్‌ను తెరిచి వదిలేసి, అంతకన్నా ఎక్కువ బరువు చూపించింది. దీన్ని మెత్తబడడం అనేవాళ్ళు విషయాన్ని మాత్రమే చూస్తున్నారు. తల్లి, పిల్లలు అనగానే ‘ముద్దు’ అనే పెట్టెలో వేసేస్తున్నారు. జర్మన్ చిత్రకారిణి పౌలా మోదర్జోన్-బెకర్ 1906లోనే బిడ్డతో నగ్నంగా పడుకున్న తల్లిని నేలంత నిజంగా వేసింది. అమెరికన్ చిత్రకారిణి అలిస్ నీల్ 1960లలో, 70లలో నిండు గర్భిణుల్ని కూర్చోబెట్టి వేసింది. వాళ్ళకు దక్కాల్సిన చోటు ఎన్నేళ్ళు ఆలస్యంగా దక్కిందో చూస్తే ఆ పెట్టె ఎంత పాతదో తెలుస్తుంది.

ధరల లోకం కూడా తొలినాటి చిత్రాలవైపే మొగ్గింది. 2018 అక్టోబరు 5న లండన్ సోత్‌బీస్ వేలంశాలలో ‘ప్రాప్డ్’ 95 లక్షల పౌండ్లకు పోయింది. బతికున్న మహిళా చిత్రకారుల్లో అప్పటికి అదే రికార్డు. అదే రాత్రి అదే వేలంలో వీధి చిత్రకారుడు బ్యాంక్సీ బొమ్మ సుత్తి పడగానే చట్రంలోంచి చీలికలై జారడంతో మర్నాటి వార్తలన్నీ దాని గురించే. సావిల్ రికార్డు వార్తల్లో కిందికి జారిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అన్ని దశలూ సమానమని నేను అనను. 2018 తర్వాత వచ్చిన ముఖాల్లో గులాబీ, నీలం, నారింజ మెరుస్తూ వచ్చాయి. వాటిలో కొన్నింట రంగు చేస్తున్న పని ఒకప్పుడు దవడ ఎముక చేసేది. ముక్కు కింద నీడ తప్పినా పైనున్న ఊదారంగు దాన్ని కప్పేస్తుంది. చూడగానే ఆకట్టుకుంటాయి, రెండో చూపుకు అంత ఇవ్వవు. 2025 జూన్ నుంచి సెప్టెంబరు దాకా లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో జరిగిన పెద్ద ప్రదర్శన పాతవాటినీ కొత్తవాటినీ ఒక్కచోటికి చేర్చింది. ఆ తర్వాత అది టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌కు వెళ్ళింది. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే వేలాది తెలుగు కుటుంబాలకు అక్కడికి కారులో గంట ప్రయాణం. ఆమె చిత్రం ఎక్కడ దొరికినా ముందు గది అవతలి గోడ దగ్గర నిలబడండి, తర్వాత మూడు మీటర్లు, తర్వాత కాపలావాళ్ళు ఊరుకునేంత దగ్గర. అక్కడి నుంచి వెనక్కి అడుగులు వేస్తూ రంగు మళ్ళీ చర్మంగా మారే చోటు వెతకండి. ఒక్కో చిత్రానికి ఆ చోటు ఒక్కో దూరంలో ఉంటుంది.

2017-18లో ఆమె ‘అలెప్పో’ వేసింది, పాస్టెల్‌తో, బొగ్గుతో. సిరియా యుద్ధపు రోజులవి. చేతుల్లో బిడ్డను మోస్తున్న మనిషి. బతికున్న బిడ్డ చంకలో తన బరువు కొంత తానే మోసుకుంటుంది. కాళ్ళతో నడుం చుట్టేస్తుంది, పిడికిలితో జాకెట్టో జుట్టో పట్టుకుంటుంది, ఒక చేయి ఆసరా ఇస్తే చాలు. ప్రాణం లేని బిడ్డను అలా మోయలేం. ఒక చేయి మోకాళ్ళ కింద, ఒక చేయి వీపు కింద పెట్టాలి, తల వెనక్కి వాలిపోతుంది, చేతులు కిందికి వేలాడతాయి. పదేళ్ళు ఇంట్లో పిల్లల తన్నులు గీసిన చేయి ఈ తేడాను ఎక్కడా తప్పలేదు.